రుక్మిణి సంసారాన్ని కూల్చింది తోళ్ల కర్మాగారమేనా?

ప్రశ్న
రాసినవారు: కృష్ణాతీరం

కమలా మార్కండేయ ఆంగ్లంలో రాసిన ‘నెక్టార్ ఇన్ ఎ సీవ్’ నవలను మా పఠన బృందం వచ్చే సమావేశానికి ఎంచుకుంది. 1954లో వెలువడిన ఈ నవల దక్షిణ భారతదేశంలో, పేరు చెప్పని ఒక వరిసాగు ఊళ్లో జరుగుతుంది. చదవనివారి కోసం కథను క్లుప్తంగా చెబుతాను. రుక్మిణి ఒక గ్రామపెద్దకు నాలుగో కూతురు. ముగ్గురు అక్కల పెళ్లిళ్లయ్యేసరికి తండ్రి చేతిలో కట్నానికి ఏమీ మిగలక, 12 ఏళ్లకే ఆమెను నాథన్ అనే కౌలు రైతుకు ఇచ్చి చేస్తారు. మొదట ఐరావతి అనే కూతురు పుడుతుంది. చాలాకాలం తరువాత, కెన్నీ అనే తెల్లజాతి వైద్యుని చికిత్సతో వరుసగా కొడుకులు పుడతారు. ఇంతలో ఊరి మైదానంలో తోళ్ల కర్మాగారం లేస్తుంది. ఒక ఏడు వరద, మరొక ఏడు అనావృష్టి. పెద్దకొడుకులిద్దరూ కర్మాగారంలో చేరి, సమ్మె విఫలమయ్యాక సింహళం తేయాకు తోటలకు వెళ్లిపోతారు. ఇంకొక కొడుకును తోలు దొంగిలించాడన్న నెపంతో కర్మాగారం కావలివాళ్లు కొట్టగా చనిపోతాడు. ఆఖరి పసివాడు ఆకలికి పోతాడు. చివరికి వాళ్లు దాదాపు 30 ఏళ్లుగా సాగు చేస్తున్న పొలాన్ని భూస్వామి ఆ కర్మాగారానికే అమ్మేస్తాడు. భార్యాభర్తలు నగరానికి చేరి రాళ్లు కొట్టే పనిలో పడతారు. నాథన్ అక్కడే మరణిస్తాడు.

నా సందేహం ఇది. భూమి పోయిందన్న కబురు విన్నప్పుడు రుక్మిణి, ఈ కర్మాగారమే ఏనాటికైనా మా కొంప ముంచుతుందని తనకు మొదటినుంచీ అనిపిస్తూనే ఉందన్న అర్థంలో మాట్లాడుతుంది. కథ మొత్తం ఆమె నోటితోనే నడుస్తుంది కనుక పాఠకులుగా మనమూ ఆ మాటను అలాగే ఒప్పుకుంటాము. మా బృందంలో ఎక్కువమంది ఈ నవలను ‘పరిశ్రమ వచ్చి పల్లెను చెరిపిన కథ’గానే చదివారు. అయితే రెండోసారి చదివినప్పుడు ఆ నింద పూర్తిగా సరైనదేనా అన్న అనుమానం నాకు కలిగింది. వరదను, అనావృష్టిని కర్మాగారం తేలేదు. ఐరావతిని గొడ్రాలన్న నెపంతో భర్త వదిలేయడానికీ దానికీ సంబంధం లేదు. మరి రచయిత్రి ఉద్దేశమూ కథకురాలి అభిప్రాయమూ ఒకటేనని అనుకోవాలా? ఈ నవలను శ్రద్ధగా చదివినవారు, ముఖ్యంగా వ్యవసాయం తెలిసినవారు, తమ అభిప్రాయం చెబితే సమావేశానికి ఎంతో ఉపయోగపడుతుంది.


జవాబు
రాసినవారు: మక్తాకౌలు

మీ అనుమానం సరైనదేనని నా అభిప్రాయం. నేను ఇంకొక అడుగు ముందుకు వేసి, ఈ నవలలో అసలు దోషి కౌలు అంటాను. కర్మాగారం ఆ పొలాన్ని కొనగలిగింది, నిజమే. కాని దాన్ని కొనడానికి నాథన్‌ను ఎవరూ ఒక్కమాట అడగనక్కరలేకపోయిందే, అక్కడే ఉన్నది అసలు కథంతా. అదే పొలాన్ని ఒక షావుకారు కొన్నా, పక్క ఊరి ఆసామి కొన్నా, రెండు వారాల గడువులో ఇల్లు ఖాళీ చేయవలసిందే కదా. ఆ ఇంటిని, తన పెళ్లికి ముందు నాథన్ తన చేతులతో కట్టుకున్నాడన్న సంగతిని ఈ సందర్భంలో గుర్తు చేసుకోవాలి. గోడలు పెట్టినవాడు ఆయన, నేల మాత్రం మరొకరిది.

ఆ కాలపు చట్టం సంగతి చూస్తే ఇది మరింత స్పష్టమవుతుంది. మద్రాసు రాష్ట్రంలో జమీందారీ ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో వచ్చింది. అది జమీందారుకు, రైతుకు మధ్య ఉన్న సంబంధాన్ని మార్చింది గాని, పట్టాదారు కింద నోటిమాట మీద సాగుచేసే కౌలుదారుకు దానివల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు. కౌలుదారును కారణం లేకుండా భూమి నుంచి తొలగించకుండా ఆపే మద్రాసు సాగుదారుల రక్షణ చట్టం 1955లో గాని రాలేదు. 1953 అక్టోబరు 1న విడిపోయిన ఆంధ్ర రాష్ట్రానికి సంబంధించిన కౌలు చట్టం 1956లో వచ్చింది. హైదరాబాదు రాజ్యంలో మాత్రం తెలంగాణ రైతాంగ పోరాటం సాగుతుండగా 1950లోనే ఒక చట్టం చేశారు. అంటే ఈ నవల అచ్చయిన ఏడాదికి నాథన్ వంటివారి రక్షణకు చట్టం పుట్టిందన్నమాట. కథ ఏ సంవత్సరంలో జరిగిందో రచయిత్రి చెప్పలేదు కాబట్టి ఈ లెక్కను మరీ బిగించి పట్టుకోను. కాని నవలలోనే ఒకచోట కొడుకు సెల్వం, ఇది అన్యాయం, మీరు ఎదురు చెప్పకుండా ఎలా ఒప్పుకున్నారని తండ్రిని నిలదీసినప్పుడు, దీన్ని అడ్డుకునే చట్టమేదీ లేదని నాథన్ అలసటగా బదులిస్తాడు. మొత్తం నవలలో ఇంతకంటే ఖచ్చితమైన రాజకీయ వాక్యం నాకు కనిపించలేదు.

అంతకుముందే రెండో కొడుకు తంబి అన్న మాట కూడా గమనించండి. తండ్రితో కలిసి పొలంలో పనిచేయమంటే, అది నీదో నాదో అయితే సంతోషంగా చేసేవాడినని, పరాయివాడి కోసం ఒళ్లు విరుచుకుని ఇంత తక్కువకు బతకడంలో ఏం లాభమని అడుగుతాడు. చాలామంది విమర్శకులు కర్మాగారం పిల్లలను పొలం నుంచి లాక్కుపోయిందని రాస్తారు. ఆ పిల్లవాడు మాత్రం తనను పొలమే నెట్టివేసిందని తన నోటితో చెబుతున్నాడు. వ్యవసాయం మీద ప్రేమ లేక వెళ్లిన కొడుకులు కారు వాళ్లు. లెక్క తెలిసి వెళ్లినవాళ్లు.

అనావృష్టి ఏడాదిలో కౌలు వసూలుకు వచ్చే శివాజీ అనే గుమాస్తాను కూడా రచయిత్రి దుర్మార్గుడిగా చూపలేదు. అతడు మనసున్నవాడే. అయినా పంట ఎండిపోయిన పొలానికి కౌలు చెల్లించక తప్పదు. వాళ్లు గిన్నెలు, ఎడ్లు, చీరలు అమ్ముకుని కొంతైనా కడతారు. పంట వచ్చినా రాకున్నా ఇంత అని ముందే ఖాయమైన మక్తా కౌలు అంటే ఏమిటో తెలిసిన కృష్ణా, గోదావరి, గుంటూరు ప్రాంతాల పాఠకులకు ఈ ఘట్టాన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. అతివృష్టి, అనావృష్టి ప్రకృతి చేసే పనులు. ఆ నష్టాన్నంతా దున్నేవాడి నెత్తిమీదే పెట్టాలని మాత్రం ప్రకృతి ఎక్కడా చెప్పలేదు.

నేటి పరిస్థితి గురించి ఒక్కమాట చెప్పి ఆపేస్తాను. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో కౌలుదారులకు రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. అయితే ఈ రెండో చట్టం కింద కార్డు రావాలంటే భూయజమాని సంతకం కావాలన్న నిబంధన పెట్టారు. 2018లో తెలంగాణలో మొదలైన రైతుబంధు సాయం పట్టాదారుకే అందింది, కౌలుదారుకు కాదు. కాబట్టి ఈ నవలను పాతకాలపు కథగా మీ సమావేశంలో ఎవరైనా తీసిపారేస్తే ఒప్పుకోకండి.


జవాబు
రాసినవారు: పెరటిపాదు

మక్తాకౌలు గారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను. కాని ఆయన జవాబంతటిలో నాథన్, తంబి, సెల్వం, శివాజీ మాట్లాడారు గాని, కథ చెబుతున్న మనిషి మాట్లాడలేదు. ఇది ఒక రైతు నవల కాదు, ఒక రైతు స్త్రీ నవల. కౌలు చెల్లించడానికి పంట చాలనప్పుడు ఆ లోటును ఎవరి శ్రమ పూడ్చిందో చూస్తే మీ ప్రశ్నకు వేరొక జవాబు దొరుకుతుంది.

పెళ్లయి వచ్చిన కొత్తల్లో రుక్మిణి చేసే మొదటి పని ఇంటివెనుక గుమ్మడి విత్తులు నాటడం. తరువాత చిక్కుడు, వంగ, మిరప, చిలగడదుంప. ఆ పాదులో తాచుపామును చూసి భయపడిన ఘట్టం అందరికీ గుర్తుంటుంది గాని, ఆ పెరటి కూరగాయల సొమ్ము ఎక్కడెక్కడికి వెళ్లిందో ఎవరూ లెక్క పెట్టరు. పొలం మీద వచ్చినది భూస్వామికి, విత్తనానికి, కడుపుకు పోతుంటే, చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నది ఈ పెరటి వల్లనే. పైగా ఈ అమ్మకంలో రుక్మిణి అమాయకురాలేమీ కాదు. మొదట ఊళ్లోని ముసలవ్వకు అమ్మేది. ఆమె జామకాయలు, వేరుశనగలు అమ్ముకుని బతికే మనిషి. ఆ తరువాత ఎక్కువ ధర ఇస్తున్నాడని వడ్డీవ్యాపారి బిశ్వాస్‌కు అమ్మడం మొదలుపెడుతుంది, అతడంటే ఇష్టం లేకపోయినా. ముసలవ్వ ఆమెను తప్పుపట్టదు. ఇదంతా కర్మాగారం కథలోకి రాకముందే జరుగుతుంది. కాబట్టి ఊరిలోకి బేరం, డబ్బు తోళ్లతోపాటే వచ్చాయన్న మాట నిలవదు. ఆ ముసలవ్వ ఎన్నో ఏళ్ల తరువాత ఆకలితో వీధిలో చనిపోతుంది. ఐరావతికి సంబంధం కుదిర్చింది ఆమే. ఈ రెండు సంగతులను పక్కపక్కనే పెట్టి రచయిత్రి ఏ వ్యాఖ్యానమూ చేయదు. నాకు మాత్రం నవలలో బాగా బాధించిన మరణం అదే.

అయితే కర్మాగారాన్ని పూర్తిగా నిర్దోషిగా వదిలేయడానికీ నాకు మనసు రాదు. కౌలు నాథన్‌ను దెబ్బతీసిందంటే ఒప్పుకుంటాను. రుక్మిణిని రోజువారీగా దెబ్బతీసింది మాత్రం అంగడిలో ధరలు. జీతాలు తెచ్చుకునే కొత్తవాళ్లు ఊళ్లోకి రాగానే పప్పు, పాలు, నెయ్యి వంటివన్నీ ఆమె చేతికి అందకుండా పోయాయి. కూరగాయలకు ఆమెకూ కాస్త ఎక్కువ ధర వచ్చి ఉండవచ్చు గాని, కొనవలసినవాటి జాబితా అమ్మగలిగినవాటి కంటే ఎప్పుడూ పొడుగే. మార్పు తనకు కొత్త కాదని, గ్రామపెద్దగా తన తండ్రికున్న అధికారం మెల్లగా కలెక్టరు చేతుల్లోకి పోవడం చూశానని, ఈ మార్పు మాత్రం రాత్రికి రాత్రి వచ్చి మీదపడిందని ఆమె చెప్పే చోటు ఒకసారి చూడండి. పరిశ్రమను కాదు, ఆ వేగాన్ని ఆమె తప్పుపడుతున్నది. ఇల్లు నడిపే మనిషికి కనిపించే నిజం అది. పొలంలో ఉన్నవారికి ఏడాదికి ఒకటి రెండుసార్లు తెలిసే లెక్క ఆమెకు రోజూ పొయ్యి ముందు తెలుస్తుంది.

ఆకలి అధ్యాయాల్లో ఈ లెక్క పరాకాష్ఠకు చేరుతుంది. ఉన్న బియ్యాన్ని రోజుకు పిడికెడు చొప్పున వంతులు పెట్టి, కొంత దాచి, కొంత భూమిలో పాతిపెడుతుంది. కెన్నీ దగ్గరకు చికిత్సకు వెళ్లిన రహస్యాన్ని నాథన్‌కు చెబుతానని బెదిరించి పొరుగింటి కుంతి వచ్చి కొంత పట్టుకుపోతుంది. మిగిలినదైనా ఉందనుకుని చూస్తే అదీ లేదు. పిల్లలను అనుమానించి గద్దిస్తుంది. చివరకు నాథనే ఒప్పుకుంటాడు: కుంతి కొడుకులు తన బిడ్డలని, ఆ సంగతి బయటపెడతానని బెదిరిస్తే తానే ఇచ్చానని. ఒకే ఇంట్లో భార్యాభర్తలిద్దరినీ వేర్వేరు రహస్యాలతో ఒకే మనిషి దోచుకుంది. భర్త చేసిన తప్పు ముందు ఆమె వైద్యానికి వెళ్లడమన్నది ఏపాటిది? అయినా ఇన్నేళ్లూ భయంతో బతికింది ఆమె. దీనికి కర్మాగారం గాని, భూస్వామి గాని కారణం కాదు. సంతానం కలగకపోతే తప్పు స్త్రీదే అన్న నమ్మకం దీనికి మూలం, ఐరావతిని పుట్టింటికి తరిమినదీ అదే నమ్మకం.

ఐరావతి సంగతి వచ్చింది కనుక చెబుతున్నాను. తమ్ముడి ఆకలి చూడలేక ఆమె రాత్రిపూట బయటకు వెళ్లి డబ్బు తెస్తుంది. తండ్రి వద్దంటాడు, ఆమె వినదు. ఆ పసివాడు దక్కలేదు గాని, ఆ కుటుంబంలో మిగతావారందరూ ఓర్పు, తలరాత అనుకుంటున్న వేళ ఎవరినీ అడగకుండా ఒక నిర్ణయం తీసుకున్నది ఆ పిల్ల ఒక్కతే. విమర్శకులు ఆమెను ‘బలి’ అని రాసినప్పుడల్లా నాకు చిరాకు వేస్తుంది. ఆ పేరు గురించి చిన్న ముచ్చట: ఆ పిల్లకు ఆసియాలోని ఒక మహానది పేరు పెట్టారు, అది బర్మాలోని ఐరావతి నది. ఉత్తరాంధ్ర నుంచి, గోదావరి జిల్లాల నుంచి రంగం (రంగూన్) వెళ్లిన కూలీల కుటుంబాల్లో ఆ నది పేరు తెలియని ఇల్లుండేది కాదు.


జవాబు
రాసినవారు: ఎర్రచెరువు

పై ఇద్దరూ ఈ ఊరు నిజంగా ఎక్కడో ఉన్నట్టుగా చర్చిస్తున్నారు. నాకు ఈ నవల మీద అంత నమ్మకం లేదు. ఊరికి పేరు లేదు, జిల్లా లేదు, భాష లేదు. తంబి, సెల్వం, మురుగన్, తంగం అని తమిళ పేర్లు పెట్టిన రచయిత్రి, అదే ఊళ్లో వడ్డీవ్యాపారికి బిశ్వాస్ అని బెంగాలీ పేరు, గుమాస్తాకు శివాజీ అని మరాఠీ పేరు పెట్టింది. స్వాతంత్ర్య పోరాటం వాసన కూడా ఎక్కడా తగలదు. 1948లో ఇంగ్లండుకు వెళ్లి స్థిరపడిన, మైసూరులోని ఉన్నత కుటుంబానికి చెందిన రచయిత్రి, విదేశీ పాఠకులకు ‘భారతీయ గ్రామం’ అనే వస్తువును అందించిందని నా ఆరోపణ. అమెరికాలో ‘బుక్ ఆఫ్ ది మంత్ క్లబ్’ దీన్ని ఎంపిక చేసిందన్న సంగతి ఇందుకు తోడు.

అన్నింటికంటే పెద్ద లోపం కులం. వ్యవసాయ కుటుంబంలోని కొడుకులు తోళ్ల పనికి వెళ్లడమంటే ఆ కాలపు పల్లెలో ఎంత పెద్ద సంగతి! మన ఊళ్లలో లంద గుంటల్లో తోళ్లు ఊరవేసి పదును చేసిన మాదిగలను ఊరి బయట ఉంచి, వాళ్లు కుట్టిన చెప్పులను, మోట తోళ్లను మాత్రం వాడుకున్న సమాజం ఇది. తంగేడు చెక్కతో తోలు పదును చేసే ఆ విద్యనే తమిళనాడు పాలారు లోయలోని వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట కర్మాగారాలు పెద్ద ఎత్తున వాడుకుని మద్రాసు రేవు గుండా విదేశాలకు పంపాయి. నవలలో ఆ పని చేతులెవరివో, తోలు ఎలా తయారవుతుందో ఒక్క పుటలోనైనా కనిపించదు. కర్మాగారం అంటే దుర్వాసన, చప్పుడు, గోడ, అంతే. లోపలికి వెళ్లి చూసిన మనిషి కళ్లతో కథ చెప్పించి ఉంటే ఇది మరో నవల అయ్యేది.

తెలుగులో ఇదే వస్తువు మీద చదవదలిస్తే వాసిరెడ్డి సీతాదేవి గారి ‘మట్టిమనిషి’ ఉంది. అందులో మట్టి ఏ ప్రాంతానిదో, మనుషులు ఏ మాట మాట్లాడతారో పాఠకుడు తడుముకోనక్కరలేదు.


జవాబు
రాసినవారు: మక్తాకౌలు

ఎర్రచెరువు గారూ, పేర్ల విషయంలో మీరు చెప్పింది కాదనలేను. బిశ్వాస్ అన్న పేరు వచ్చినప్పుడల్లా నాకూ పంటికింద రాయి తగిలినట్టే ఉంటుంది. కాని కులం ప్రస్తావన అసలు లేదనడం సరికాదు. అర్జున్ కర్మాగారంలో చేరతానన్నప్పుడు, మనది తోళ్ల పని చేసే కులం కాదని, బంధువులు ఏమంటారని రుక్మిణి అడ్డు చెబుతుంది. అవన్నీ తనకు తెలియవని, తిండి దొరకడమే ముఖ్యమని కొడుకు బదులిస్తాడు. మాట అక్కడితో ముగుస్తుంది. ఆ తరువాత ఎవరూ ఆ ఊసెత్తరు. అది లోపమని మీరంటారు. ఆకలి ముందు ఆ తల్లికి ఆ అభ్యంతరం నిలవలేదని నేను చదువుకున్నాను. అయితే తరతరాలుగా ఆ పని చేసినవారికి కర్మాగారంలో ఏ స్థానం దక్కిందన్న మీ ప్రశ్నకు నవలలో జవాబు లేదని ఒప్పుకుంటాను.

‘మట్టిమనిషి’తో పోలిక విషయంలో ఒక భేదం మరచిపోకూడదు. అందులోని రైతు సాంబయ్యది సొంత భూమి. అక్కడ భూమి పోవడానికి కారణాలు ఇంటిలోంచి, పట్నం మోజులోంచి వస్తాయి. పోగొట్టుకోవడానికి ఒక ఆస్తి ఉంది. నాథన్‌కు పోగొట్టుకోవడానికి కాగితం మీద ఏమీ లేదు. అందుకే ఆ రెండు నవలలను పక్కపక్కన చదివితే మంచిదే గాని, ఒకదానికి బదులు మరొకటి చదవమనడం కుదరదు.


జవాబు
రాసినవారు: కృష్ణాతీరం

అందరికీ కృతజ్ఞతలు. పెరటిపాదు గారు చెప్పిన ధరల సంగతి నేను గమనించనేలేదు. ఎర్రచెరువు గారి విమర్శను కూడా సమావేశంలో తప్పక ప్రస్తావిస్తాను.

దీనికి అనుబంధంగా ఇంకొకటి అడగాలని ఉంది. మీరు ఓర్పు, తలరాత అన్నారు కనుక అడుగుతున్నాను. కెన్నీ ఎన్నోసార్లు విసుగుతో, మీరు నోరు తెరిచి అడగరేం, బాధలో ఏ గొప్పతనమూ లేదని అరుస్తాడు. బాధ మనిషిని శుద్ధి చేస్తుందన్న ధోరణిలో రుక్మిణి జవాబిస్తుంది. మా బృందంలోని యువతులకు ఇది మింగుడుపడడం లేదు. రచయిత్రి ఈ వాదంలో ఎవరి పక్షాన ఉంది? రుక్మిణి ఓర్పును ఆదర్శంగా చూపుతున్నట్టయితే ఈ నవలను మెచ్చుకోవడం మాకు కష్టంగా ఉంది.


జవాబు
రాసినవారు: పెరటిపాదు

మీ బృందంలోని అమ్మాయిల కోపం న్యాయమైనదే. అయితే రుక్మిణి మాటలను, ఆమె చేతలను విడివిడిగా చూడమని వారికి చెప్పండి. మాటల్లో ఆమె ఓర్పును బోధిస్తుంది. చేతల్లో ఆమె అంత ఓర్పు గల మనిషేమీ కాదు. భర్తకు చెప్పకుండా పరాయి వైద్యుని దగ్గరకు వెళ్లింది, కూతురిని కూడా పంపింది. ఆకలి రోజుల్లో ఒక రాత్రి అలికిడి విని, కుంతి బియ్యం దొంగిలించడానికి వచ్చిందనుకుని చీకట్లో ఆ మనిషి మీద పడి రక్తం వచ్చేలా కొడుతుంది. తీరా చూస్తే అది ఐరావతి. తలరాతకు తలవంచిన మనిషి చేసే పనా అది? నగరంలో డబ్బు, మూట పోగొట్టుకుని గుడి అన్నానికి చేయిచాచిన రోజుల్లో, తండ్రి నేర్పిన చదువును అడ్డం పెట్టుకుని ఉత్తరాలు రాసి పెడతానని వీధిలో కూర్చుంటుంది. ఆడమనిషికి రాయడం వచ్చునంటే జనం నమ్మక ఆ పని సాగలేదు గాని, రాళ్లు కొట్టడానికి ముందు ఆమె వెతుక్కున్న దారి అది. ఊళ్లో ఆమె చదువును గౌరవించినవాడు అక్షరం రాని నాథన్ ఒక్కడే. చదువుకున్న భార్యను చూసి చిన్నబుచ్చుకోని భర్తను 1954 నాటి నవలలో చూపినందుకైనా రచయిత్రిని మెచ్చుకోవాలి.

కెన్నీ విషయంలో నాకు కొంత అనుమానం ఉంది. అతని కోపం నిజమైనదే గాని, అతడు తన దేశంలోని భార్యాబిడ్డలను వదిలి వచ్చినవాడు, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఊరు విడిచి వెళ్లగలిగినవాడు. అరవమని చెప్పడం అతనికి సులువు. అరిచినవారికి ఏమవుతుందో ఆ నవలే చూపింది. అర్జున్, తంబి అరిచారు. కూలి పెంచమంటే తిండివేళ విరామాన్ని కూడా తీసేసిన యాజమాన్యం మీద సమ్మె కట్టారు. వారి స్థానంలో వేరేవారిని పెట్టుకున్నారు, వీళ్లు సముద్రం దాటారు. ఇది తెలిసిన తల్లికి కెన్నీ ఉపన్యాసం ఎలా వినిపిస్తుందో ఊహించండి. అందుకని రచయిత్రి రుక్మిణి పక్షాన ఉందనీ అనను. కొడుకు పోయిన దుఃఖం ఆరకముందే, మీకు మా మీద ఏ హక్కూ లేదని రాయించుకున్నంత పనిగా చెప్పడానికి వచ్చిన కర్మాగారం మనుషులతో ఆమె ఏ తగవూ పడదు. ఆ ఇద్దరిలో సిగ్గుపడుతున్న ఒకడిని ఆమె ఎదురు సముదాయించడం చూస్తే ఆ ఓర్పు మీద నాకు గౌరవం కాదు, భయం కలుగుతుంది. రచయిత్రి కూడా ఆ ఘట్టాన్ని మనకు ఆ భయం కలిగేలాగే రాసిందనుకుంటున్నాను.


జవాబు
రాసినవారు: ఎర్రచెరువు

ఈ విషయంలో పెరటిపాదు గారితో ఏకీభవిస్తాను, నా మొదటి విమర్శను మాత్రం వెనక్కి తీసుకోను. ఒక చిన్న సూచన: సమావేశంలో కర్మాగారం గురించి మాట్లాడేటప్పుడు నీటి సంగతి కూడా ఎత్తండి. ఆ పొలాల్లోకి ఒకప్పుడు చేపల కోసం వచ్చే లకుముకి పిట్టలు, కొంగలు కర్మాగారం వచ్చాక రావడం మానేశాయని, కాకులు, గద్దలు మాత్రమే మిగిలాయని రుక్మిణి ఒకచోట చెబుతుంది. నవలలో అది ఒక్క పేరా మాత్రమే. అసలు పాలారు లోయలో తోళ్ల కర్మాగారాల వ్యర్థాలు నదిని, బావులను, పొలాలను పాడుచేశాయన్న ఫిర్యాదు సుప్రీంకోర్టు దాకా వెళ్లి, వెల్లూరు పౌరుల సంక్షేమ వేదిక కేసులో 1996లో తీర్పు వచ్చింది. కాలుష్యం చేసినవారే నష్టపరిహారం భరించాలన్న సూత్రాన్ని మన దేశ న్యాయంలో స్థిరపరచిన తీర్పుల్లో అది ముఖ్యమైనది. పాలారు చిత్తూరు జిల్లా కుప్పం ప్రాంతం మీదుగానే తమిళనాడులోకి వెళుతుంది కాబట్టి ఈ సంగతి మనకు మరీ పరాయిదేమీ కాదు. కర్మాగారమా, కౌలా అన్న మీ మొదటి ప్రశ్నకు ఇది కర్మాగారం వైపు ఒక సాక్ష్యం. భూమి మీద హక్కు ఉన్న రైతులు కూడా అక్కడ పంట పోగొట్టుకున్నారు. మక్తాకౌలు గారు దీనికి ఏమంటారో చూడాలి.


జవాబు
రాసినవారు: మక్తాకౌలు

ఒప్పుకుంటాను. ఒక్క సవరణతో: ఆ హక్కు ఉన్నందువల్లనే ఆ రైతులు నష్టపరిహారం అడగగలిగారు. నాథన్ పొలంలోకి అదే నీరు వచ్చి ఉంటే, పరిహారం రాసుకున్న కాగితం మీద ఉండేది భూస్వామి పేరే. మీ సమావేశంలో సెల్వం తండ్రిని నిలదీసే ఘట్టాన్ని, కర్మాగారం మనుషులు రుక్మిణి ఇంటికి వచ్చే ఘట్టాన్ని ఎవరితోనైనా పైకి చదివించండి. రెండూ కలిపి పది పుటలు దాటవు. చర్చకు కావలసిన సరుకంతా వాటిలోనే ఉంది.